లార్జ్ అంటే నలభై రెండు

వనితకు ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. మా సిరిసిల్ల కుట్టు యూనిట్లో చొక్కాల మెడలకు సైజు లేబుళ్లు కుట్టేది ఆమే. పక్క మిషన్ నాది. లార్జ్ అంటే పెద్దదని బడిలో మేమూ చదివాం. ఆ అర్థం చొక్కాల దగ్గర పనికిరాదు, ఏనుగూ లార్జే, ఇల్లూ లార్జే. ఇక్కడ లార్జ్ అంటే ఛాతీ నలభై రెండు అంగుళాలు. మీడియం నలభై, స్మాల్ ముప్పై ఎనిమిది. ఎనిమిదేళ్లలో ఆమె ఒక్క లేబుల్ కూడా తప్పు కుట్టలేదు. కోడిగుడ్డుకు ఈకలు పీకే మా సూపర్‌వైజర్‌కే ఆమె దగ్గర ఏ తప్పూ దొరకలేదు.

ఆమె భర్త రాజేశం లార్జ్ మనిషి. గుడ్డ నేసే సాంచలు ఆగిపోయాక మస్కట్‌లో కట్టడాల పనికి వెళ్లాడు. అదే క్యాంపులో ఉండే చందుర్తి భీమయ్య సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లేటప్పుడల్లా, వనిత మామిడికాయ తొక్కుతో పాటు తను కుట్టిన చొక్కా ఒకటి పంపేది. అక్కడ చొక్కాలు దొరక్క కాదు. పోయేవాళ్ల సంచిలో ఇంటి గుడ్డ ఒకటి పెట్టందే మావాళ్లకు తోచదు.

రెండో ఏడు రాజేశం ఫోన్లో, "ఈసారి మీడియం పంపు, లార్జ్ వదులైతుంది" అన్నాడు.

"నీ మొగడు సినిమాల చేరుతడేమోనే" అని నేను ఆటపట్టించాను. వనిత నవ్వింది. మూడో ఏడు స్మాల్ పంపమన్నాడు. ఈసారి నేను తల వంచుకుని కుట్టుకుంటూ పోయాను.

"పానం మంచిగున్నదా?" అని అడిగింది ఆమె.

"మంచిగనే ఉన్న. ఎండకు జర తగ్గిన, గంతే."

"ఇంటికి రారాదూ?"

"పాస్‌పోర్టు కంపెనోళ్ల దగ్గరున్నది. వచ్చే ఏడు ఇస్తరట."

ఆమె ఏడవలేదు. సెలవు మీద వచ్చిన భీమయ్యను అడిగితే అతను నేల చూశాడు. "దగ్గుతుండు వదినె. దవాఖానకు పొమ్మంటే పోతలేడు. క్యాంపుల అందరు పుల్ల అని పిలుస్తరు. గా మాట మనసుకు పట్టిచ్చుకున్నడు."

ఆ వారం ఆమె ముప్పై ఎనిమిది అంగుళాల స్మాల్ చొక్కా కుట్టింది. చివర్లో డబ్బాలోంచి లార్జ్ లేబుల్ తీసి దాని మెడకు వేసింది. మొహంలో ఏమీ లేదు.

"తప్పు లేబుల్ ఏసినవ్ వనితా" అన్నాను.

"తెల్సు. ఉతికి ఆరేస్తే నలుగురు చూస్తరు. మెడకాడన్న లార్జ్ అని ఉండనీ" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. ఏడవాల్సిన చోటు ఎప్పుడో మొద్దుబారిపోయినట్టుంది.

నెల తర్వాత మధ్యాహ్నం మేం అన్నం తింటుంటే ఫోన్ వచ్చింది. ఎంగిలి చేయి కావడంతో వనిత స్పీకర్ పెట్టింది.

"లార్జ్ పంపినవేందే? నేను స్మాల్ గద చెప్పింది" అన్నాడు రాజేశం.

"ఏసుకున్నవా?"

"ఏసుకున్న. లార్జ్ గద, మస్తు వదులున్నది. స్మాల్ పంపితే సరిపోతుండె."

ఆమె చేతిలోని ముద్ద గిన్నెలో పెట్టేసింది. తర్వాత, "సరే. ఈసారి స్మాలే పంపుత" అని ఫోన్ పెట్టేసింది. గంట కొట్టారు. మిగిలిన అన్నం మూత పెట్టి, మిషన్ ముందు కూర్చుని, లేబుళ్ల డబ్బా దగ్గరికి లాక్కుంది. మా యూనిట్లో స్మాల్ కంటే చిన్నది కుట్టరు.