తలకట్టు లేని బొంత

ఫ్లెక్సులు వచ్చి నా కుంచె ఎండిపోయింది కానీ చేతులు ఊరుకోలేదు. చిక్కడపల్లిలో, నారాయణగూడలో ఒకప్పుడు చాలా దుకాణాల బోర్డులు నేను రాసినవే. బడిలో నేర్చిన విద్య కాదు. కోఠిలో పాత పుస్తకాల కుప్పల ముందు నిలబడి, అట్టల మీది అక్షరాలు చూసి చూసి పట్టుకున్నది. ఇప్పుడు అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సులు చూస్తే ఒళ్లు మండుతుంది. ఒత్తు పోయి కింది వరుసను గుద్దుకుంటుంది, గుడి పోయి పక్క అక్షరం నెత్తినెక్కుతుంది. అడిగితే కంప్యూటరే అట్ల ఇచ్చిందంటారు. కంప్యూటర్‌కు కళ్లు లేవు సరే, వీళ్లకేమైంది?

ఆ కోపంలో ఉండగానే మా అమ్మాయి కాన్పుకు వచ్చింది, మనవరాలు పుట్టింది. మా ఇళ్లలో పసిపిల్లకు అమ్మమ్మ కుట్టిన బొంత పరుస్తారు. నా భార్య తన పాత చీరలు, నా ధోతులు తీసి పొరలు పేరుస్తుంటే పై పొర నాకు వదలమన్నాను. వర్ణమాల మొత్తం రంగు గుడ్డల్లో కత్తిరించి అతికిస్తానన్నాను. గోడల మీది నా రాతలన్నిటికీ ఎవరెవరో సున్నం కొట్టేశారు. కొన్ని అక్షరాలైనా నా మనవరాలి ఒంటికి తగులుతూ ఉండాలని నా ఆశ.

"అక్షరాల మీద పిల్ల ఉచ్చ పోస్తె పాపం ఎవలకయ్యా?" అంది నా భార్య.

కాగితం ముక్క కాలికి తగిలితే కళ్లకద్దుకునే మనిషి. అట్లాంటి బొంత కుడితే అటక మీద పెడతాను కానీ పిల్ల కింద పరచనని తేల్చేసింది.

"జిందగీ అంత బ్యానర్ గుడ్డల మీద కూసొనే రాసిన. సరస్వతి నన్ను తన్నిందా?"

"తన్నింది. ఫ్లెక్సులొచ్చినయ్ గద" అంది పాత చీర అంచు చింపుతూ.

పక్క గదిలో అమ్మాయి కిసుక్కున నవ్వింది. అయితే పాపమన్న నా భార్య మాట దగ్గరే నాకొక సందేహం పట్టుకుంది. వంపు ఏ క్షణాన అక్షరమవుతుంది? తలకట్టు తీసేస్తే గ ఒక కమాను, అంతే. దాని మీద కాలు పెడితే పాపమా? ఇన్నేళ్లు రాసినా నేను ఒక్కనాడూ గీత మధ్యలో ఆగి చూడలేదు.

దర్జీ దగ్గర ముక్కలు తెచ్చి మొదలుపెట్టాను. కుంచె నేను చెప్పినట్టు తిరిగేది. గుడ్డ తిరగదు. దాని పోగు దానికి ఉంది; అడ్డదిడ్డంగా కోస్తే సాగుతుంది, గుండ్రంగా మడిస్తే అంచు ముడుచుకుంటుంది. మడత లోపల చిన్న చిన్న గాట్లు పెడితే వంపు వింటుందని, నాలుగు ముక్కలు పాడయ్యాక తెలిసింది. కత్తిరించినవి మంచం మీద పరిచి నా భార్యను పిలిచేవాణ్ణి. దూరం నుంచే చూసి, అది ఇంకా అక్షరమేనా కాదా అని తీర్పు చెప్పేది. గ తలకట్టు పోగానే ఒప్పుకుంది. ర తలకట్టు తీసినా ఒప్పుకోలేదు, ఇంకాస్త విప్పమంది. పక్కకు తిప్పి పెట్టిన వ మామిడికాయట, పరవాలేదు. ఆమె కాదన్నవన్నీ విరుస్తూ పోతే, నేను గీయాలనుకున్న వర్ణమాల కన్నా కొత్తదేదో తయారైంది. దానికి నేనే ఆశ్చర్యపోయాను.

నడిమధ్యన మాత్రం పంతం కొద్దీ నిండు అ ఒకటి కుట్టాను.

బొంత కుట్టాలంటే నేల మీద పరిచి, దాని మీదే కూర్చొని, అంచుల నుంచి లోపలికి జరగాలి. ఆమె నాలుగు వైపులా కుట్టుకుంటూ వచ్చి అ దగ్గర ఆగింది. తెల్లవారితే పిల్లను ఉయ్యాలలో వేసే రోజు. నడుమ కుట్టు పడకపోతే పొరలు జారి ముద్దవుతాయి. సూది నా చేతికిచ్చి, అయితే అది తియ్యి, లేకుంటే నువ్వే దాని మీద కూసొని కుట్టుకో అంది.

కూర్చోబోయాను. ఒక కాలు మోపి, వెనక్కి తీసుకున్నాను. బ్యానర్ల మీద ఎన్నడూ రాని జంకు ఎందుకొచ్చిందో తెలియలేదు. బ్లేడు తీసి దారాలు విప్పడం మొదలుపెట్టాను. లోపలి చుట్ట తీశాను.

"ఇప్పుడు?"

"ఇంకా అట్లనే ఉంది."

ఒక పక్క వంపు తీశాను. ఆమె మెడ వంచి చూసింది. ఇంకా చదవడానికి వస్తోందంది. చివరికి కొక్కెంలాంటి ముక్క ఒకటి మిగిలాక, దాని మీదికి జరిగి కూర్చొని కుట్టు సాగించింది.

ఉయ్యాల నాడు పిల్ల ఆ బొంతను తడపడానికి ఎంతోసేపు పట్టలేదు. తడిసినదాన్ని ఉతికి మేడ మీద తీగపై ఆరేశాం. పక్క మేడ మీద కోస్తా వాళ్ల ఇల్లాలు వడియాలు పెడుతూ తల తిప్పింది.

"పిన్నిగారూ, దాని మీద ఏదో రాసినట్టుందే. చదువుదామంటే అందట్లేదు."

నా భార్య నా వైపు చూసింది, బొంత వైపు చూసింది. పాపం సంగతి ఎత్తుతుందనుకున్నాను.

"ఆయన ఇంకా రాస్తనే ఉన్నడమ్మా" అంది.