సిస్టరమ్మ పెట్టిన చుక్కలు

ఇది రాయొద్దని నా భార్య రెండుసార్లు చెప్పింది. అయినా రాస్తున్నాను. సిస్టరమ్మ గురించి ఇప్పుడు మా వీధిలో ఎవరూ నోరు విప్పడం లేదు. విప్పే ఒకరిద్దరు కూడా ముందు అటూ ఇటూ చూసుకుంటున్నారు. ఇరవై రెండేళ్ళు నా పక్కన నిలబడి పనిచేసిన మనిషిని అలా గాలికి వదిలేయడం నాకు చేతకావడం లేదు.

నేను పళ్ళ డాక్టర్ని. చెప్పుల షాపు పక్కనున్న మెట్లెక్కి పైకొస్తే వరండాలో ఆరు కుర్చీలు, వాటికెదురుగా ఒక బల్ల, బల్ల వెనక ఆవిడ. లోపల సూది పట్టుకునేది నేనే అయినా జనం భయపడేది మాత్రం ఆవిడకే. మొగుడూ పెళ్ళాం కలిసొస్తే మొగుడితో, "నోరు బాగా తెరవండి, ఇంట్లో ఎలాగూ తెరవనివ్వరు కదా" అనేది. పన్ను పీకించుకోవడానికొచ్చినవాడు కూడా నవ్వేవాడు.

భర్త పోయి పదకొండేళ్ళయింది. రెండు వీధుల అవతల, గొడుగుల షాపు మీద రెండు గదుల్లో ఆవిడా అత్తగారూ ఉండేవాళ్ళు. పొద్దున క్లినిక్ తాళం తీస్తూనే అత్తగారి వార్తలు మొదలయ్యేవి. "పళ్ళ సెట్టు గ్లాసులో పెట్టి మర్చిపోయి, నేనే దాచేశానని పక్కింటికి వినబడేలా అరిచింది డాక్టరుగారూ. ఆవిడ పళ్ళు నేనేం చేసుకుంటాను, నావి నాకున్నాయిగా!" ఆ సెట్టు వదులైపోయి, మాట్లాడితే టకటకమనేది. కొత్తది చేస్తానని నేను ఎన్నిసార్లన్నా ఆ పెద్దావిడ ఒప్పుకునేది కాదు. "ఇంకెన్నాళ్ళుంటాను నాయనా, ఇదే చాల్లే" అనేది.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇందులో సగం దాచినట్టే. ప్రతి ఎన్నికలకీ "వీళ్ళు గెలిస్తే ఈ దేశంలో ఒక్క పూట ఉండను" అని గొంతు చించుకునే రకం నేను. పన్నెండేళ్ళ కిందట ఆవేశం ఆపుకోలేక బజారుకెళ్ళి ఇంత పెద్ద నీలం సూట్‌కేసు కొనుక్కొచ్చాను. వాళ్ళే గెలిచారు. మర్నాడు పదింటికి నేను మామూలుగా క్లినిక్ తెరిచాను. ఇంటికి తీసుకెళ్తే నా భార్య ఏడిపిస్తుందని ఆ పెట్టెను క్లినిక్ అటక మీదే పడేశాను. సిస్టరమ్మ అందులో దూది కట్టలు సర్దుకుంది. అప్పట్నుంచీ నేను రాజకీయాల గురించి గొంతు పెంచితే చాలు, "దూది తీసేసి పెట్టె దించమంటారా డాక్టరుగారూ?" అని అడిగేది. నా ఆవేశం అక్కడితో చల్లారిపోయేది.

నిజంగా దేశం వదిలిపోయేవాళ్ళెవరో ఆవిడకి ఇట్టే తెలిసిపోయేది. మామూలు మనిషి ఒక పన్ను బాగుచేయించుకుని రెండోదాన్ని వచ్చే ఏడాదికి నెట్టేస్తాడు. కుర్చీలో కూర్చోగానే "నొప్పి పుడుతుందా?" అంటాడు. వెళ్ళిపోయేవాడికి ఆ బెంగ ఉండదు. "అన్నీ ఒకేసారి చూసేయండి. ఎన్నాళ్ళలో అవుతుంది?" అని అడుగుతాడు. తెలియని చోట, భాష రానివాళ్ళకి ఏ పన్ను నొప్పో ఎలా చెప్పుకుంటామని భయం. పోతూ పోతూ ఎక్స్‌రేలు కూడా అడిగి పట్టుకెళ్తాడు. ఆ మాటలు చెవిన పడగానే సిస్టరమ్మ అపాయింట్‌మెంట్ల రిజిస్టరులో ఆ పేరు పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేది. అది ఆవిడ సరదా. తన అంచనా ఎంతవరకు నిజమవుతుందో చూసుకోవడానికి తప్ప ఆ చుక్కతో ఎవరికీ పనిలేదు.

ఈ ఏడాది ప్రభుత్వం మారింది. వచ్చినవాళ్ళు మామూలువాళ్ళు కారని మొదటి వారంలోనే తెలిసిపోయింది. మా వరండాలో కూర్చున్న ప్రతివాడూ వెళ్ళిపోతాననేవాడే. సిస్టరమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది. మూడు నెలల్లో ముప్ఫైనాలుగు మంది ఒట్టేసి చెప్పారు, ఒక్కడు కూడా బస్టాండు దాకా పోలేదు. చుక్క పడ్డవాళ్ళు తొమ్మిది మంది. వాళ్ళలో ఆరుగురు పక్కింటివాళ్ళకి కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు. ఈసారి నేను మాత్రం ఏమీ అనలేదు. ఎందుకో నోరు రాలేదు. ఆవిడ కూడా పెట్టె మాట ఎత్తలేదు.

కానీ చుక్కల కథ మాత్రం ఆవిడ అందరికీ చెప్పేది. చెప్పించింది నేనే. సూదంటే బిగుసుకుపోయే పేషెంటు దొరికితే "సిస్టరమ్మా, ఆ చుక్కల కథ చెప్పండి" అని లోపల్నుంచి అందించేవాణ్ణి. నవ్వితే దవడ వదులవుతుంది, నా పని సులువవుతుంది. జరిగినదాంట్లో సగం పాపం నాది.

నాలుగో నెలలో ఒకాయన బుగ్గ వాచిపోయి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఉద్యోగం అన్న గడిలో "ప్రభుత్వం" అని రాశాడు. లోపల వేరే పేషెంటు ఉన్నాడు. నొప్పితో అల్లాడుతున్న ఆయన్ని చూసి జాలిపడి సిస్టరమ్మ తనకి తెలిసిన కబుర్లన్నీ చెప్పింది. అత్తగారి పళ్ళ కథ చెప్పింది, చుక్కల కథ చెప్పింది. ఆయన బుగ్గ పట్టుకుని మరీ నవ్వాడు.

"అయితే వెళ్ళాల్సినవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారమ్మా?" అని అడిగాడు.

"ముగ్గురండీ. ఎవరని అడక్కండి, చెప్పను" అంది ఆవిడ.

అప్పుడే నేను ఎక్స్‌రే కోసం పిలిచాను. ఆవిడ లోపలికొచ్చి ఒక అయిదు నిమిషాలు నా దగ్గరుంది. రిజిస్టరు బల్ల మీద తెరిచే ఉంది.

ఆ వారంలోనే కొత్త ఉత్తర్వు వచ్చింది. టీచర్లు, డాక్టర్లు, ఇంజనీర్లు అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటకూడదు. పది రోజులకి కరెంటాఫీసు ఇంజనీరుని రైల్లోంచి దింపేశారు. రెండు ప్రశ్నలడిగి పంపేస్తామన్నారట. మళ్ళీ ఆయన జాడ లేదు. ఆయన మా పేషెంటే, మిగిలిన ముగ్గురిలో ఒకరు. ఆ కబురు విన్న రోజు సిస్టరమ్మ అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. తక్కిన రెండు చుక్కలూ లెక్కల మేష్టారివీ, ఆయన భార్యవీ. వాళ్ళకో ఆరేళ్ళ పాప. మేష్టారికి ఊడిన పళ్ళ చోట పెట్టే కట్టుడు పళ్ళ బ్రిడ్జి శనివారం బిగించాలి. ఆదివారం ప్రయాణమని ఆయన మాకు చెప్పలేదు గానీ, ఆయన శనివారం దాటకూడదని మూడుసార్లు చెప్పడంతోనే మాకు అర్థమైంది.

బుధవారం ఆ మెత్తటి మాటల ఆయన రెండో సిటింగుకి వచ్చాడు. పంటి నరం తీసి శుభ్రం చేస్తున్నాను. పుక్కిలించడానికి లేచి, తుండుతో మూతి తుడుచుకుంటూ అన్నాడు.

"మీ సిస్టరమ్మగారు చాలా తెలివైనావిడ డాక్టరుగారూ. మా ఆఫీసులో అలాంటివాళ్ళు నలుగురుంటే చాలు. శుక్రవారం క్యాప్ పెట్టించుకోవడానికి వస్తాను కదా, ఆ రిజిస్టరు కొంచెం పక్కన పెట్టించండి. తీసుకెళ్ళి చూసి ఇచ్చేస్తాం."

ఏ ఆఫీసని అడగాల్సిన పని లేకపోయింది. నా చేతిలో డ్రిల్లు ఉంది, ఆయన మళ్ళీ వెనక్కి వాలి నోరు తెరిచాడు. నేను డ్రిల్లు ఇంకా ఆన్ చేయలేదని ఆయన కళ్ళు మూసుకుని కూడా గమనించాడు. "తొందరేం లేదు, నిదానంగా కానివ్వండి" అన్నాడు.

ఆయన మెట్లు దిగగానే సిస్టరమ్మ వరండా తలుపు గడియ వేసింది.

"చెరిపేద్దాం" అన్నాను.

"చెరిపితే మచ్చ తెలుస్తుంది. పెన్సిలు గట్టిగా నొక్కి పెట్టాను, వెనక పేజీ మీద కూడా దిగింది."

"పోయిందని చెబుదాం."

"అప్పుడు మనిద్దర్నీ తీసుకెళ్ళి అడుగుతారు. మీరు పేషెంటు గట్టిగా అరిస్తేనే కంగారుపడతారు డాక్టరుగారూ, మీవల్ల కాదు."

అంతటి భయంలోనూ నన్ను ఓ మాట అనకుండా ఉండలేకపోయింది. తర్వాత రెండు పెన్సిళ్ళు చెక్కి ఒకటి నా చేతికిచ్చింది. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం కూర్చుని రిజిస్టరులో ప్రతి పేరు పక్కనా చుక్క పెట్టాం. నిరుడు చనిపోయిన పోస్టుమాస్టరుకి పెట్టాం. పాలపళ్ళు పీకించుకున్న పిల్లలకి పెట్టాం. ఆ ఆఫీసరు పేరు పక్కన కూడా ఆవిడే పెట్టింది. నాలుగింటికి చేతులు దులుపుకుని, చేతిసంచి తీసుకుని మేష్టారింటికి వెళ్ళింది. మెట్ల దగ్గర ఆగి, "బ్రిడ్జి లేకపోతే మెత్తటివి తింటాడు. పాపకి తండ్రి ఉండాలి కదా" అంది.

ఏం చెప్పిందో నేను అడగలేదు. గురువారం బడికి మేష్టారు సెలవు పెట్టాడని చెప్పుల షాపతను యథాలాపంగా అన్నాడు. నాకు గుండె కొంచెం కుదుటపడింది.

శుక్రవారం క్యాప్ బిగించాక ఆఫీసరు బల్ల దగ్గర కూర్చుని రిజిస్టరు తిరగేశాడు. ఒక్కో పేజీ, తొందర లేకుండా.

"అందరికీ చుక్కలున్నాయే!"

"పళ్ళు శుభ్రం చేసినవాళ్ళకి పెడతానండీ. ఆ రోజు చెప్పిన కథ ఉత్తదే, నొప్పి మర్చిపోతారని ఏదో నవ్వులాటకి" అంది సిస్టరమ్మ.

"నా పేరు పక్కన కూడా పెట్టారు" అని నవ్వి, జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన మొదటిసారి వచ్చిన రోజు తీసిన ఫొటోలు. అవే పేజీలు, అవే పేర్లు. అప్పటికి ఇంకా పట్టణంలోనే ఉన్నవాళ్ళలో చుక్కలున్నది ముగ్గురికే, ఇంజనీరుకీ మేష్టారికీ ఆయన భార్యకీ. ఇంజనీరుని రైల్లోంచి ఎందుకు దింపారో సిస్టరమ్మకి అప్పుడు తెలిసింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆవిడ ముఖం చూడలేక నేను తల దించుకున్నాను.

"రేపు మేష్టారు వస్తారు కదా? నేనూ వస్తాను" అన్నాడాయన.

వచ్చాడు. శనివారం పదింటి నుంచి ఒంటిగంట దాకా వరండాలో మూలకుర్చీలో కూర్చున్నాడు. మెట్ల మీద ఎవరి అడుగు వినపడ్డా తలెత్తి చూశాడు. ల్యాబ్ నుంచి వచ్చిన బ్రిడ్జి, మేష్టారి పళ్ళ అచ్చుతో సహా ట్రేలో ఉంది. మేష్టారు రాలేదు. వాళ్ళు సరిహద్దు దాటారో, మధ్యలో ఎక్కడైనా ఆగిపోయారో నాకు ఈ రోజుకీ తెలియదు.

లేచి వెళ్తూ ఆఫీసరు రిజిస్టరుతో పాటు ట్రేలోంచి ఆ అచ్చు కూడా తీసుకున్నాడు. తెల్లటి ప్లాస్టరు పళ్ళని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అదెందుకండీ?" అన్నాను.

"ఉండనివ్వండి. ఎప్పుడైనా మనిషిని గుర్తుపట్టాల్సి వస్తే పనికొస్తుంది" అన్నాడు. తర్వాత సిస్టరమ్మ వైపు తిరిగాడు. "గొడుగుల షాపు మీదే కదమ్మా మీ ఇల్లు? అత్తగారిని అడిగానని చెప్పండి. పెద్దావిడ, పళ్ళ సెట్టు వదులైపోయిందన్నారు. జాగ్రత్తగా చూసుకోండి."

సోమవారం పొద్దున సిస్టరమ్మ మామూలు వేళకే తాళం తీసింది. అత్తగారి వార్తలు లేవు. వరండా తలుపు లోపల గడియ వేసి, నేరుగా వచ్చి పేషెంటు కుర్చీలో కూర్చుంది. ఇరవై రెండేళ్ళలో తుడవడానికి తప్ప ఆవిడ ఆ కుర్చీని తాకగా నేను చూడలేదు.

"కింద రెండు పాడయ్యాయి, పైన ఒకటి. అన్నీ ఒకేసారి చూసేయండి డాక్టరుగారూ."

నేను లైటు వేశాను.

"అత్తకి కొత్త సెట్టు కూడా. రాత్రంతా బతిమాలితే ఒప్పుకుంది. ఎన్నాళ్ళలో అవుతుంది?"

"మూడు వారాలు" అన్నాను అలవాటు కొద్దీ. ఆవిడ నా వైపు చూసింది. "నేనే కూర్చుని చేస్తాను. వారంలో ఇస్తాను."

సరేనన్నట్టు తలూపి, వెనక్కి వాలబోయి ఆగి, అటక వైపు చూసింది.

"ఆ నీలం పెట్టె నాకివ్వండి. మీకెలాగూ అక్కర్లేదు కదా."

అందులో వెటకారం లేదు. ఉన్నా నేను భరించేవాణ్ణి, లేకపోవడమే నన్ను కోసేసింది. స్టూలు వేసుకుని పెట్టె దించాను. ఇద్దరం కలిసి అందులోంచి దూది కట్టలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చాం. తర్వాత ఆవిడ వెళ్ళి కుర్చీలో వాలి నోరు తెరిచింది. కొత్త రిజిస్టరులో ఆవిడ పేరు నేను రాయలేదు.