యువశక్తి పాటకు నేను చెప్పిన అర్థం

మా సంఘం కార్యదర్శి మొహం చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మా నాన్నను శ్రీకాకుళం నుంచి భిలాయ్ తెచ్చి, ఉక్కు ప్లాంటులో పనికి కుదిర్చింది ఆయనే. అందుకని చిన్నప్పట్నుంచీ బాబాయి అనే పిలిచాను. రిటైరయ్యాక కాలనీ తెలుగువాళ్ల సంఘానికి కార్యదర్శి అయ్యాడు. సంఘం హాలు ఆయన సొంతిల్లయిపోయింది.

సెక్టర్ 4 క్వార్టర్లలో, రెండు గదుల్లో ఇంటిల్లిపాదీ తిరుగుతుంటే పరీక్షలకు చదవడం కుదరదు. సాయంత్రాలు హాల్లో కూర్చుని చదువుకుంటామని కాలనీ పిల్లలం మూడుసార్లు అడిగాం.

"ఆడపిల్లలూ మగపిల్లలూ ఒక్కసోట సేరితే రేపు ఒవులు జవాబు సెప్తారు?" అని మూడుసార్లూ పంపేశాడు. అదే హాల్లో మధ్యాహ్నాలు పెద్దలు పేకాడుకునేవారు.

అలాంటి మనిషి పోయిన ఏడాది యువజనోత్సవం పెట్టాడు. బ్యానరు మీద మాత్రం ఆయన ఫొటోనే ఉంది. యువశక్తి గురించి వచ్చి, అందరి ఫోన్లలోనూ మోగుతున్న ఒక హిందీ పాటను స్మృతి నగర్ కాలనీలో ఉంటూ పన్నెండో తరగతి చదివే అమ్మాయి చేత పాడించాలనుకున్నాడు. విజయనగరం నుంచి వచ్చే ముఖ్య అతిథికి హిందీ రాదు. మా వయసువాళ్లలో తెలుగు చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, అర్థం చెప్పే పని నాకు అప్పగించి చేతిలో ఓ కాగితం పెట్టాడు. యువత పెద్దల అడుగుజాడల్లో నడవాలని ఆ పాట చెబుతోందట!

"బాబాయ్, పాటలో ఈ మాట లేదు కదా?"

"ఉన్నాదో లేదో నీకెందుకు? రాసింది సదువు."

ఆ అమ్మాయి గొంతు విప్పి పాడింది. చప్పట్లు ఆగాక నేను మైకు అందుకున్నాను. కాగితం తెరవలేదు.

"నా దారికి మీ అనుమతి అక్కర్లేదు, మీరు మూసిన తలుపు తోసుకునే వస్తాను. ఇదీ ఈ పాటకు అర్థం." అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. "చదువుకుంటామని మూడుసార్లడిగినా ఈ హాలు తలుపు మాకు తియ్యలేదు. మాకు చోటివ్వనివాళ్లకి మా శక్తి గురించి పాట దేనికి?"

ఆయన వచ్చి మైకు లాక్కున్నాడు. "అర్థం సెప్పమంటే నా పరువు తీస్తావేటే? నీ బాబుని ఈ ఊరు తెచ్చింది నానే!"

మూడో వరసలో నాన్న లేచాడు. నా తరఫున ఒక్క మాటంటాడనుకున్నాను.

"దిగు ముందు. బాబాయికి తప్పైందని సెప్పు."

చెప్పలేదు. దిగి, ఎవరి మొహమూ చూడకుండా బయటికొచ్చేశాను.

మర్నాడు ఆ అమ్మాయి ఇంటికెళ్లాను. మెచ్చుకుంటుందనుకున్నాను. గుమ్మంలోనే ఆపేసింది.

"దీదీ, నాకు మొదటిసారి స్టేజీ దొరికింది. నా పాటని మీ ఝగడాకి వాడేసుకున్నారు. నేనెలా పాడానో ఒక్కరికైనా యాద్ ఉందా?"

"నీలాంటివాళ్ల కోసమే కదా మాట్లాడాను!"

"నేనడిగానా?" అని లోపలికి వెళ్లిపోయింది.

నెల తర్వాత సంఘం కమిటీ, చదువుకోవడానికి ఆదివారం ఉదయాలు హాలు వాడుకోవచ్చంది. ఆ అమ్మాయి వెళ్లి చదువుకుంటోందని తెలిసింది. నేను వెళ్లను. కార్యదర్శి ఎదురైతే రోడ్డు దాటిపోతాను. ఆయన మీద కోపానికి నా దగ్గర కావలసినన్ని కారణాలున్నాయి. ఆ అమ్మాయి మీద కోపానికి ఒక్కటీ దొరకలేదు. అయినా చాలా రోజులు మనసులో ఆమెను తిడుతూనే ఉన్నాను.