పది గంటల పాపారావు ఫోను

నిన్న పొద్దున్న టీ గ్లాసు చేతిలో ఉండగా ఫోన్ వచ్చింది. పాపారావు పోయాడని.

"ఏ పాపారావు?" అన్నాను.

బరంపురంలో నాకు తెలిసిన పాపారావు ఒక్కడే. అయినా అడిగాను. ఇంకో పాపారావు ఉంటే బాగుణ్ణనిపించింది.

నిద్రలోనే పోయాడట. ఆసుపత్రి లేదు, ఎవరిచేతా సేవ చేయించుకోలేదు. పైకి వెళ్లడంలో కూడా నా కన్నా ముందే మంచి సీటు పట్టేశాడు.

తెలియనివాళ్లకి చెప్తాను. పాపారావుది తాళ్లు, వలల షాపు. నాది పప్పుల హోల్‌సేలు. బరంపురం అంకులి పేటలో ఇద్దరిదీ ఒకే వీధి. మా వర్తకుల సంఘం ఆఫీసులో ఒకే బెంచీ మీద కూర్చుని ముసలివాళ్లమయ్యాం.

సంఘం ఈమెయిల్ చూసే పని మాత్రం వాడిది. ఆ ఒక్క పనితో గంజాం జిల్లా అంతా వాడికి చుట్టాలైపోయారు.

నాకు అసూయ. ఇప్పుడు దాచుకుని ఏం లాభం.

అసలు సంఘం మెయిల్‌కి దొంగ మెయిళ్లని ఆపే స్పామ్ ఫిల్టర్ పెట్టింది నేను. దొంగ బిల్లులు, లాటరీలు, ఎవరో దిక్కులేని రాజుగారి ఆస్తి... ఇన్‌బాక్స్ అంతా ఇవే. నేను చదివింది ఎనిమిదో క్లాసు. అయినా కళ్లద్దాలు తుడుచుకుంటూ హెల్ప్ పేజీలన్నీ చదివి, సెట్టింగ్‌ని అన్నిటికన్నా స్ట్రిక్టులో పెట్టాను.

అలో లిస్టులో, అంటే రానివ్వమని మనం ముందే రాసిపెట్టిన పేర్లలో, లేనివాడి మెయిల్ ఏదైనా సరే, తిన్నగా క్వారంటైన్‌కి పోతుంది. మనం చూసి రిలీజ్ చేస్తేనే లోపలికి. చూడకపోతే కొన్నాళ్లకి దానంతటదే చెరిగిపోతుంది.

ఈ క్వారంటైన్ అన్న మాట మా తాత నోట విన్నాను. రంగం, అదే రంగూన్ నుంచి వచ్చి ఓడ దిగితే గోపాలపురం దగ్గర ఆపి, జ్వరం ఉందేమో చూసి వదిలేవారట. సరే, అది వేరే కథ.

రూలు పెట్టింది నేనా, పేరొచ్చింది వాడికి.

ఎలాగంటే, రోజూ పది గంటలకి పాపారావు క్వారంటైన్ తెరిచేవాడు. ఒక్కో మెయిలూ చూసి, పంపినవాళ్లకి ఫోన్ చేసేవాడు. "బాబూ, ఇది నువ్వే పంపినావేటి?" అని.

ఒడియావాళ్లయితే ఒడియాలో. కొడలలో మిరపకాయల వ్యాపారి ఒకాయన ఫోనెత్తగానే "హఁ భాయి, మోరొ మెయిల్", అవును నాదే అని నవ్వేవాడు. అక్కణ్ణుంచి మోకాలి నొప్పి, మనవరాలి పరీక్షలు, మీ వైపు వాన పడిందా లేదా. అన్నీ అయ్యాకే రిలీజ్ బటన్.

ఒకసారి రామయ్యపట్నం నుంచి పోలమ్మ అని, ఎండుచేపల వ్యాపారం చేసుకునే మనిషి, "అర్జెంట్ అర్జెంట్ వెంటనే తెరవండి" అని సబ్జెక్టు పెట్టి మెయిల్ పంపింది.

"దొంగది. డిలీట్ కొట్టు" అన్నాను.

పాపారావు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. నేను పక్కనుంచి మళ్లీ దొంగదే అన్నాను.

"నానే బాబూ! అర్జెంటని ఎయ్యకపోతే మీ బరంపురపోళ్లు సూస్తారేటి? నీ పక్కన దొంగదన్నోడెవుడు?"

ఆ తర్వాత ఏటేటా ఎండురొయ్యలు పాపారావు ఇంటికి వచ్చేవి.

మా ఇంటికి వాసన వచ్చేది.

"అందర్నీ అలో లిస్టులో పెట్టీరా, ఒక్కసారితో పోద్ది" అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

"ఎట్టేస్తే మల్లీ ఫోన్ సెయ్యడానికి వంకేటుంటాదిరా?" అనేవాడు.

ఆ లిస్టులో వాడు పెట్టింది ఒకే ఒక్కణ్ణి. నన్ను.

"మరి నాకు ఫోనక్కర్లేదేటి?"

"నువ్వు రోజూ పక్కనే కూకుని ఏడుస్తుంటావు కదేటి!"

జిల్లా అంతటికీ ఫోన్ చేసిన మనిషి నాకు ఒక్కసారీ చేయలేదు.

ఇక అసలు సంగతి.

నిన్న శ్మశానం నుంచి వచ్చి, స్నానం చేసి, సంఘం మెయిల్‌కి నాలుగు ముక్కలు రాశాను. ఆ మెయిల్ పాపారావు ఫోన్లోకే వస్తుంది, ఇంట్లోవాళ్లు చదువుకుంటారని.

ఇవాళ పొద్దున్న వాళ్లమ్మాయి లక్ష్మి ఫోన్ చేసింది.

"పెదనాన్నా, నీదొక్కటే వచ్చింది. అమ్మేమో నాన్న ఫోన్ ఒళ్లో ఎట్టుకుని కూకుంది. అంతమందికి ఫోన్లు సేసీవోడు కదా, ఒక్కలూ రాయలేదేటని అడుగుతంది."

నిజం చెప్తున్నాను. ఒక్క క్షణం నా గుండె నిండిపోయింది. ఇంతమందిలో నేనొక్కణ్ణే!

ఆ మరుక్షణం నా రూలు నాకే గుర్తొచ్చింది.

ఆఫీసుకెళ్లి క్వారంటైన్ తెరిచాను. పాస్‌వర్డ్ ఇద్దరికీ తెలుసు.

కిందికి జరుపుతుంటే అవదే! కొడల, రామయ్యపట్నం, ఊళ్లకి ఊళ్లు. అందరూ పంపింది వాడి ఒకే ఫోటో, అదే పూలదండ. పోలమ్మ సబ్జెక్టు ఇప్పుడూ "అర్జెంట్" అనే. లోపల ఒక్కటే ముక్క: "ఇంక నాకు ఎవులు ఫోన్ సేత్తారు బాబూ?"

నేను ఏమీ చేయకుండా ఊరుకుంటే చాలు. అవన్నీ వాటంతటవే పోతాయి. వాళ్లావిడ ఒళ్లో నా మెయిల్ ఒక్కటే మిగులుతుంది.

టీ చల్లారిపోయేదాకా ఆ మాటే ఆలోచిస్తూ కూర్చున్నాను.

పది అయింది.

పోలమ్మకి ఫోన్ కలిపాను. "అమ్మా, ఇది నువ్వే పంపినావేటి?"

"నానే. నువ్వెవులివి?"

"దొంగదన్నోణ్ణి."

అవతల ఏడుపు. ఏడుపు మధ్యలో నవ్వు.

కాబట్టి మెయిల్ పెట్టినవాళ్లందరికీ చెప్పేదేటంటే, మీవి ఎక్కడికీ పోలేదు. మళ్లీ మళ్లీ పంపకండి. నేను ఫోన్ చేస్తాను, ఎత్తండి. మీ మోకాళ్ల సంగతి కూడా చెప్పండి, లేకపోతే రిలీజ్ చెయ్యను.

లక్ష్మీ, అమ్మకి చెప్పమ్మా. ఒకటొకటే వస్తున్నాయని.

ఇంకో పని కూడా చేశాను. అలో లిస్టులోంచి నా పేరు తీసేసి, సంఘానికి ఇంకో మెయిల్ పంపాను. అదీ క్వారంటైన్‌లో పడింది, అందరితో పాటు వరసలో.

దాన్ని మాత్రం నేను ముట్టుకోను.

పాపారావూ, హాయిగా పడుకోరా. నీ నిద్రకి ఏ అలజడీ రాకూడదు.

పది గంటలకి మాత్రం ఒక్కసారి లెగు. నాకు ఫోన్ చెయ్యాలి నువ్వు.