సీసం సెక్షన్‌లో నీళ్ళకుండ

1968 జూలైలో నాచారంలోని ఒక బ్యాటరీల ఫ్యాక్టరీలో మెడికల్ ఆఫీసరుగా చేరాను. పేరు గొప్పే గాని, ఉన్నది ఒక గది, ఒక కాంపౌండరు, ఒక మైక్రోస్కోపు. ఎవరు పనికి తగుదురు, ఎవరు తగరు అని ఫిట్‌నెస్ ఫారం మీద రాసి సంతకం పెట్టడమే నా ముఖ్యమైన పని. ఆ సంతకం పడ్డాక మేనేజరు కూడా మార్చలేడు. అది తలకెక్కిన వయసు నాది.

మూడో నెలలో ఏసోబును పంపారు. సీసం కరిగించే సెక్షన్‌లో ఎనిమిదేళ్ళుగా కూలీ. చెప్పిన పని మరిచిపోతున్నాడనీ, అన్‌ఫిట్ అని రాసిస్తే ఇంటికి పంపేస్తామనీ ఫోర్‌మన్ చీటీ. ఏది అడిగినా నవ్వి, "యాదికొస్తలేదమ్మా, జర ఆగుండ్రి" అనేవాడు. బుద్ధి పరీక్ష కోసం నూరులోంచి ఏడు తీసేయమన్నాను, చేతకాలేదు. బడి మొహం చూడని మనిషిని అలా అడగడమే తెలివితక్కువని నాకు తట్టలేదు. "పుట్టుకతో మందబుద్ధి" అని రాసేశాను. పుట్టుకతో అంటే ఇక ఫ్యాక్టరీకి ఏ బాధ్యతా లేదు. సంతకం మాత్రం మర్నాటికి ఆగింది, ఎందుకంటే మా కాంపౌండరు సీలు ఇంట్లో మరిచి వచ్చాడు. అతన్నెవరూ మందబుద్ధి అనలేదు.

మర్నాడు పొద్దున్నే ఏసోబు భార్య మరియమ్మ ఉప్పల్ నుంచి నడిచి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా ఆయనకు పుట్టంగనే మతి లేదని రాస్తున్నరంట గద! చర్చిల పాటలన్ని బుక్కు ముట్టకుండ పాడెటోడు డాక్టరమ్మా. రెండేండ్ల సంది రెండో చరణం అందుతలేదు. ఈ పనిల చేరినంకనే గిట్లయిండు" అని దులిపేసింది.

నా మొహం మాడిపోయింది. ముందే చేయాల్సిన పరీక్ష అప్పుడు చేశాను. ఏసోబు చిగుళ్ళ అంచున నీలి గీత ఉంది. రక్తపుచుక్కకు రంగు పట్టించి చూస్తే ఎర్రకణాల్లో నీలి చుక్కలు. ఒంట్లోకి సీసం చేరిందనడానికి ఇవి గుర్తులు, ఆ విషం మెదడును కూడా వదలదు. అదే పొగలో నిలబడే ఫోర్‌మన్‌నూ కూర్చోబెట్టి వేలు పొడిచాను. ఆయన రక్తం శుభ్రంగా ఉంది! అంటే పొగ ఒక్కటే కాదు, కూలీల నోట్లోకి ఇంకేదో పోతోంది.

సెక్షన్‌కి వెళ్ళాను. కొలిమి పక్కన మూతలేని నీళ్ళకుండ, నీళ్ళ మీద బూడిదరంగు సీసపు పొడి. మూడు నెలలుగా చూస్తున్న కుండే. వేడిలో పనిచేసేవాళ్ళ సౌకర్యం కోసం పెట్టారనుకుని మెచ్చుకున్నాను కూడా. కుండకు మూత పెట్టాలని నా పుస్తకంలో రాసుకుంటుంటే ఏసోబు మెల్లగా అన్నాడు.

"మూత పెట్టినా మేం ఈడనే తాగాలె గదమ్మా. క్యాంటీన్ కుండ మమ్ముల ముట్టనియ్యరు. బువ్వ గూడ ఈడనే తింటం."

ఆ సెక్షన్‌లోని ఆరుగురు కూలీలూ మాదిగవాడ వాళ్ళేనని అప్పుడు గాని గమనించలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పాత ఫారం చించి, పనివల్ల వచ్చిన సీసపు విషమని కొత్తది రాశాను. అలాంటి జబ్బును ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని చట్టం. మేనేజరు గింజుకున్నాడు గాని, ఏసోబును స్టోర్స్‌కి మార్చక తప్పలేదు. కొలిమి దగ్గర కుండ తీయించి, ఆరుగురినీ క్యాంటీన్‌లోనే తిని తాగమన్నారు. అక్కడ తినే మిగతావాళ్ళు కొందరు అలిగి ఇంటి నుంచి సీసాల్లో నీళ్ళు తెచ్చుకున్నారు. మోసి మోసి విసిగి, వాళ్ళే మానేశారు.

మరుసటి క్రిస్మస్‌కు మరియమ్మ నన్ను ఉప్పల్ చర్చికి పిలిచింది. ఏసోబు పుస్తకం లేకుండానే పాడాడు. రెండో చరణం వచ్చింది, నాకు ప్రాణం లేచొచ్చింది. మూడో చరణం దగ్గర ఆగిపోయాడు. వెనక వరసలోంచి మరియమ్మ గొంతు పెంచి అందించింది. అతను నావైపు చూసి నవ్వి, అందుకున్నాడు. పోయినదంతా తిరిగి రాలేదు, రాదని నాకు తెలుసు.

ఆ తర్వాత నా సర్వీసులో మతిమరుపని ఎవరిని పంపినా నూరులోంచి ఏడు తీయమనలేదు. నీళ్ళు ఎక్కడ తాగుతున్నావని మొదట అడిగేదాన్ని.