చిలక తీసిన సీతమ్మ బొమ్మ

పక్కింటి అత్త పోయిందని ఈమధ్య కబురొచ్చింది. సత్యవేడు నుంచి ఆమె మరిది వచ్చాడు. మైలలో ఉన్నానని గడప దాటలేదు, వాకిట్లోనే నిలబడి చెప్పి వెళ్ళిపోయాడు. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట పక్కన పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది. ఏడవలేదు. సిగ్గుపడింది. అత్త ఎలాంటి మనిషో చెప్పాలంటే ఆ సిగ్గు సంగతి కూడా చెప్పక తప్పదు.

తిరుపతిలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. శ్రీహరికోటలో రాకెట్లు ఎగరేసే చోటు కడుతున్న రోజులవి. మామ అక్కడ మేస్త్రీ. నెలకోసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో అత్త, మామ వాళ్ళమ్మ, ఇద్దరే. పెళ్ళై చాన్నాళ్ళైనా పిల్లలు లేరు. అత్త గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. వడియాలు ఎండబోస్తే మా మిద్దె మీద కాకుల్ని కూడా తనే తోలేది. సాయంత్రాలు నన్ను ముందు కూర్చోబెట్టుకొని తల దువ్వేది. నేను పదో తరగతి ముగించి సంబంధాల కోసం ఇంట్లో ఉన్నాను అప్పటికి. "సిక్కు పడినకాడ లాగకూడదు పాపా. కింద నుంచి ఇడదీసుకుంటా రావల్ల" అనేది.

రైలు స్టేషన్ ఎదురుగా సత్రం గోడ నీడన ఒకాయన చిలక జోస్యం చెప్పేవాడు. పిల్లల సంగతి అడుగుదామని అమ్మే అత్తను బలవంతంగా తీసుకుపోయింది. నేనూ వెళ్ళాను. చిలక పంజరంలోంచి వచ్చి ముక్కుతో ఒక్కొక్క అట్టా లాగి పక్కన పడేసి, చివరికి ఒకటి ఆయన ముందు పెట్టింది. అశోకవనంలో సీతమ్మ. చెట్టు కింద తల వంచుకొని ఆమె, చుట్టూ రాక్షసులు, పైన కొమ్మల్లో వేలెడంత ఆంజనేయుడు.

ఆయన బొమ్మ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే విడమరిచాడు. సీతమ్మ అంటే ఇప్పుడున్న దుఃఖం. చెట్టు పేరే అశోకం, శోకం లేనిది, కాబట్టి ఈ దుఃఖం నిలిచేది కాదు. ఆంజనేయుడంటే దగ్గరికి వచ్చేసిన శుభవార్త, సీతమ్మ ఇంకా చూడలేదంతే. "పైకి సూడల్ల తల్లీ. మంచి కబురు నీ నెత్తిమీదే ఉండాది" అన్నాడు. దారిలో అత్త కనకాంబరాలు కొని మా ఇద్దరి తలలోనూ పెట్టింది.

మర్నాడు కుళాయి దగ్గర అమ్మ ఈ సంగతంతా సరదాగా చెప్పింది. చెడు తలంపు ఏమీ లేదు. బిందె నింపుకుంటున్న ఒకావిడ, అశోకవనంలో ఉందంటే సీతమ్మ ఎవరింట్లో ఉన్నట్టు అని అడిగింది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది.

ఆ నవ్వు చాలింది. మొగుడు ఊళ్ళో ఉండడు, పిల్లలు లేరు, మరి రావణుడెవరు అన్నారు. పాలు పోసే అతని పేరు ఎవరో అన్నారు. అతను ఆ వీధికి రావడం మానేశాడు. ముసలామె కోడలి చేతి అన్నం ముట్టడం మానేసింది. కబురు శ్రీహరికోట దాకా పోయి, మామ నెల మధ్యలోనే దిగాడు.

ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్ళందరూ ఏదో పని పెట్టుకొని వాకిళ్ళలోనే ఉన్నారు. అత్త స్టేషన్ వైపు నుంచి నడిచి వచ్చింది. జోస్యం చెప్పే ఆయన్ని అడిగి ఆ బొమ్మ తెచ్చింది. నేరుగా మా వసారాలోకి వచ్చి అమ్మ ముందు పెట్టింది. వెనకే మామ వచ్చి నిలబడ్డాడు.

"ఈ బొమ్మలో రావణుడు యాడుండాడో సూపించక్కా."

అమ్మ చూసింది. లేడు.

"లేడు గదా. ఆయప్పను మీరే తెచ్చి పెట్టినారు."

గొంతు పెంచలేదు అప్పుడు కూడా. నేను వంగి చూశాను. సీతమ్మ చుట్టూ కూర్చున్న రాక్షసులందరూ ఆడవాళ్ళే. అమ్మా చూసినట్టుంది, కొంగు మొహం మీదికి లాక్కుంది. మామ బొమ్మ చేతిలోకి తీసుకొని కాసేపు చూసి, "సామాన్లు సర్దుకో. నాతో వచ్చెయ్" అన్నాడు అత్తతో. తల్లిని కూడా రమ్మన్నాడు.

అలా వెళ్ళిపోయారు. కట్టడాల పని అయ్యాక సొంతూరు సత్యవేడు చేరి సేద్యంలో దిగారు. ఒక కూతురు పుట్టింది. కొండకు వచ్చినప్పుడల్లా అత్త మా ఇంటికి వచ్చేది. వేరుశనగలు తెచ్చేది, అమ్మ మోకాళ్ళ నొప్పి అడిగేది. ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు. నా పెళ్ళికి వచ్చి జడ తనే వేసింది. అమ్మ ఏదో చెప్పాలని దగ్గరికి వచ్చి నోరు తెరిచి, మీ పక్క వానలు పడినాయా అని అడిగింది. పడినాయక్కా అంది అత్త.

పదో రోజుకు అమ్మా నేనూ సత్యవేడు వెళ్ళాం. అమ్మ లోపలికి రాలేక అరుగు మీదే కూర్చుంది. అత్త కూతురు చెంబుతో నీళ్ళు, వెనకే గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. అమ్మ మొహంలోకి చూసి అడిగింది.

"తిరుపతి పెద్దమ్మ మీరే గదా? బిడ్డ కావాలని మాయమ్మను చిలకకాడికి పిల్సుకొని పొయ్యింది మీరేనంట. మాయమ్మ ఎప్పుడూ చెప్తా ఉండె."

ఆ పిల్లకు తెలిసింది అంతే. అత్త అంతవరకే చెప్పింది.

అమ్మ తల ఊపింది. బస్సు వేళయ్యేదాకా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. మజ్జిగ కిందికి దిగి, పైన తేట నీళ్ళు తేరుకున్నాయి.