జర్మనీ నుంచి లాగిన టైము

మా బావ వీరరాఘవరావు మా కళ్ళముందు చేసిన ఆఖరి పని, ఒక శుక్రవారం మధ్యాహ్నం దుబాయ్ కరామాలోని ఫ్లాటు బాల్కనీలో నిలబడి, గోడ గడియారాన్ని రెండు చేతులా ఆకాశానికి చూపిస్తూ టైము లాగడం. చూడడం కాదు, పెట్టడం కాదు, లాగడం. మోటారు వేసి నీళ్ళు లాగినట్టు ఆయన జర్మనీ నుంచి టైము లాగేవాడు. ఆ రోజూ లాగి, గోడకి తగిలించి, పెరుగన్నంలో మాగాయ నంజుకుని తిని పడుకున్నాడు. ఆదివారం ఆఫీసు మెట్ల మీద గుండె పట్టుకుని కూర్చుండిపోయాడని ఫోను వచ్చింది. అది 2018.

ఆయనకి ఉన్న పిచ్చి అదొక్కటే. ఆ గడియారాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదు. ముల్లు చేత్తో తిప్పడమనే మాట ఇంట్లో వినపడకూడదు. ఒకసారి మా అక్క దుమ్ము దులుపుదామని స్టూలు ఎక్కితే, పక్క గదిలోంచి సబ్బు నురగ గడ్డంతో పరిగెత్తుకొచ్చాడు.

"దిగు! సిగ్నలు చెదిరిపోతుంది!"

"దుమ్ముకి సిగ్నలేమిటండీ?"

"జర్మనీ నుంచి ఇంత దూరం వచ్చింది, నీ చీపురు దెబ్బకి పోవాలా?"

ఆ గడియారం మా ఇంటికి 2013లో వచ్చింది. తెచ్చింది మాణిక్యం. అమలాపురం దగ్గర పల్లె ఆవిడది. జెబెల్ అలీ వైపు ఒక జర్మన్ కుటుంబం ఇంట్లో పని చేసేది. శుక్రవారం సెలవు. పొద్దున్నే చర్చికి వెళ్ళి, అక్కణ్ణుంచి నేరుగా మా అక్క చేతి వంటకి వచ్చేది. ఆ కుటుంబం దేశం వదిలి వెళ్ళిపోతూ, గుర్తుగా ఏం కావాలో అడగమంటే, హాల్లో ఉన్న గడియారం అడిగిందట. తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు మెట్రోలో తెచ్చింది.

"మీ ఇంట్లోది ఆగిపోయి ఎన్నాళ్ళో అయింది కదండీ బాబుగారూ. ఇది జర్మనీదండీ."

బావ గడియారంతో పాటు వచ్చిన కాగితం చదివాడు. రెండోసారి లేచి నిలబడి చదివాడు. "మాణిక్యం! దీనికి మనం టైము పెట్టక్కర్లేదు! జర్మనీలో పెద్ద టవరుందట. అక్కణ్ణుంచి రేడియోలో పాటొచ్చినట్టు టైము వస్తుంది. ఇది దాన్ని పట్టుకుని ముళ్ళు దానంతటదే తిప్పుకుంటుంది!"

"అలాగాండీ?" అంది మాణిక్యం.

బ్యాటరీ వేశాడు. ముళ్ళు ఎవరో తరిమినట్టు గిర్రున తిరిగి, పన్నెండు దగ్గర ఆగాయి. ఆగినవి ఆగినట్టే ఉన్నాయి.

"సిగ్నలు కోసం చూస్తోంది," అన్నాడు బావ.

సాయంత్రం వరకూ చూసింది. మర్నాడూ చూసింది. బావ దాన్ని ఫ్రిజ్ మీద పెట్టాడు, బాత్రూం కిటికీలో పెట్టాడు, బిల్డింగు పైకి తీసుకెళ్ళి నీళ్ళ ట్యాంకుకి ఆనించాడు. ఎదురు ఫ్లాటులో ఉండే జానీ బాషాని పిలిచాడు. బాషాది రాయచోటి, కారు నడుపుతాడు, దిక్కులు తెలిసిన మనిషి.

"బాషా, జర్మనీ ఎటుంది?"

"నమాజుకి తిరగాల్సిన కిబ్లా ఎటుందో నిద్దర్లో లేపి అడిగినా చెప్తా సార్. జర్మనీ సంగతి నాకెందుకు తెలుస్తాది?"

"బావా, నువ్వే ఒకసారి ఫోన్ చేసి అడగరాదూ, టైమెంతయిందని?" అన్నాను నేను. ఆ పూట నాకు ఉప్మా రాలేదు.

నాలుగైదు రోజులకి ఒక సాయంత్రం మేమింటికి వచ్చేసరికి గడియారం సరైన టైము చూపిస్తోంది. బావ మీసం కింద నవ్వు. "వచ్చేసింది! బాల్కనీలో ఒక మూల దొరుకుతోంది."

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం తతంగమే. భోజనాలవగానే మాణిక్యం అడిగేది. "బాబుగారూ, ఒక్కసారి లాగించండీ." బావ గడియారం దించి, బ్యాటరీ తీసి వేసి, మాకు వీపు పెట్టి బాల్కనీ మూలన నిలబడేవాడు. ఎవరూ దగ్గరికి రాకూడదు. ఒంట్లో వేడికి సిగ్నలు బెదురుతుందట. కాసేపటికి ముళ్ళు పరిగెత్తి పరిగెత్తి సరైన టైము దగ్గర ఆగేవి. మాణిక్యం చప్పట్లు కొట్టేది. బావ విమానం నడిపి దిగినవాడిలా లోపలికొచ్చేవాడు.

అలా ఏడాది గడిచింది. మాణిక్యం మరో ఇంట్లో పనికి కుదిరింది. అంతకుముందెప్పుడో పెద్దకూతురికి మొదటి కాన్పప్పుడు ఆమెకి సెలవు దొరకలేదు. మనవడిని ఫోనులోనే చూసుకుంది. రెండోసారి ఆపరేషన్ చేస్తామన్నారు డాక్టర్లు, ఒక శనివారం. ముందురోజు మధ్యాహ్నం మూడున్నరకి విశాఖ విమానం. అది తప్పితే మళ్ళీ కొన్ని రోజులకి గానీ లేదు. "ఈసారన్నా పిల్ల కళ్ళు తెరిచేసరికి నేను కనపడాలండీ," అని నెల ముందునుంచీ అంటోంది.

శుక్రవారం పెట్టె తీసుకుని మా ఇంటికే వచ్చింది. భోజనాలయ్యాయి. బయల్దేరదామని అక్క అంటుండగా బావ గడియారం దించాడు.

"వెళ్ళేముందు ఒక్కసారి లాగుతా మాణిక్యం. శకునం బాగుంటుంది."

ముళ్ళు పన్నెండుకి వెళ్ళి ఆగాయి. బావ బాల్కనీ మూలకి వెళ్ళాడు. ముళ్ళు కదల్లేదు. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. చొక్కా వీపంతా చెమటతో అంటుకుపోయింది.

"వస్తోంది... ఒక్క నిమిషం."

"పర్లేదండీ, రానివ్వండి," అంది మాణిక్యం. సోఫా అంచున కూర్చుని ఒళ్ళో చేతిసంచీ గట్టిగా పట్టుకుంది.

జానీ బాషా తలుపు తోసుకుని వచ్చాడు. అతని కారులోనే వెళ్ళాలి. "జుమ్మా అయిపోయి ఎంతసేపయిందో. యల్లా, పోదామా?"

"ఇవాళ నమాజు ముందే చదివేశారా బాషా?" అన్నాడు బావ, గడియారం మీంచి కళ్ళు తిప్పకుండా.

"జుమ్మా యాడన్నా ముందు చదువుతారా సార్? రెండు కావస్తాంది!" అంటూ గడియారం చూశాడు బాషా. పన్నెండు. నోరు తెరిచాడు. బావ కళ్ళతోనే మూయించాడు.

నేను మాణిక్యం పెట్టె ఎత్తి తలుపు దగ్గర పెట్టాను. బావ మళ్ళీ బ్యాటరీ తీసి వేశాడు. ముళ్ళు గిర్రున తిరిగి మళ్ళీ పన్నెండు దగ్గరే ఆగాయి. అక్కకి ఓపిక చచ్చిపోయింది.

"మీ జర్మనీవాడు వచ్చేదాకా విమానం ఆగుతుందా అండీ? ఆ పిల్ల అక్కడ పురిటి మంచం మీదుంది!"

"ఆగవే! ఇది రాకుండా ఎలా వెళ్తాం?"

"పర్లేదండమ్మగారూ, వచ్చాకే ఎల్దారండి," అంది మాణిక్యం. కళ్ళు మాత్రం తలుపు దగ్గరి పెట్టె మీదే ఉన్నాయి.

బావ ఆమె ముఖం చూశాడు, గడియారం చూశాడు, చప్పున అన్నాడు. "జ్ఞాపకం వచ్చింది! ఇవాళ జర్మనీలో సెలవు. టవరు మూసేసి ఉంటారు."

"ఆళ్ళకి సెలవు ఆదివారం కదండీ?"

"ఇవాళ స్పెషల్ సెలవు."

"అయితే పదండి!" అని మాణిక్యం లేచింది. అంత వేగంగా లేవడం మేమెప్పుడూ చూడలేదు.

బాషా కారు ఎలా నడిపాడో చెబితే అతని లైసెన్సు పోతుంది. ప్రతి సిగ్నలు దగ్గరా ఎర్రలైటే. ఎయిర్‌పోర్టులోకి పరిగెత్తగానే ఎదురుగా ఇంత పెద్ద గడియారం, రెండున్నర దాటింది. మాణిక్యం దానివైపు చూసింది. బావ అడ్డం నిలబడ్డాడు.

"ఎయిర్‌పోర్టు గడియారాలు నమ్మకు మాణిక్యం. జనం తొందరగా రావాలని ముందుకి పెడతారు."

"అవునండీ, అలాగే పెడతారండీ," అంది ఆవిడ పరిగెడుతూనే.

కౌంటరు దగ్గర అమ్మాయి అప్పుడే బోర్డు తిప్పేస్తోంది. "కౌంటర్ బంద్ హో గయా సర్."

మాణిక్యం కాస్త వెనక పెట్టె ఈడ్చుకొస్తోంది. బావ కౌంటరు మీదికి వంగాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. "ధీరే బోలియే మేడమ్," అని బతిమాలుకుంటూ తన హిందీలో గుసగుసగా చెప్పాడు. తప్పంతా మా ఇంటి గడియారానిదనీ, దాని మీట ఇవాళ ఇరుక్కుపోయిందనీ, ప్రతిసారీ ఆ మీట నొక్కి టైము తిప్పేది తనేననీ. ఆ గడియారం ఇచ్చింది వెనక వస్తున్న ఆవిడేననీ, అది చెడిందని ఆవిడ చెవిన పడితే బాధపడుతుందనీ, అందుకని తిట్టదలుచుకుంటే కాస్త మెల్లిగా తిట్టమనీ.

ఆ అమ్మాయి బావని ఎగాదిగా చూసింది. ఫోనెత్తి ఎవరితోనో మాట్లాడింది. "మనిషి వెళ్ళొచ్చు. పెట్టె వెళ్ళదు."

మాణిక్యం పెట్టె వైపు తిరిగి కూడా చూడలేదు. చేతిసంచీతో పరుగెత్తింది. మర్నాడు సాయంత్రం ఫోను చేసింది, ఆడపిల్ల, మూడు కిలోలు. వెనకాల పాప ఏడుపు మా అందరికీ వినిపించింది.

ఆ శుక్రవారం ఎయిర్‌పోర్టు నుంచి తిరిగొచ్చే కారులోనే నేను మొదలుపెట్టాను. "అంటే బావా, ఏడాదిగా బాల్కనీలో..."

"ఆ సిగ్నలు దుబాయ్ దాకా రాదురా. మొదటి వారమే తెలిసింది. వెళ్ళిపోతున్నవాళ్ళని ఫ్రిజ్ అడగొచ్చు, టీవీ అడగొచ్చు. మన గోడ చూసి మనకోసం ఇది అడిగింది. పనికిరాని వస్తువు తెచ్చావని ఏ నోటితో చెప్పమంటావు?"

"ఖలాస్," అన్నాడు బాషా. "మీట నేను బాగు చేయిస్తా సార్."

బాగు చేయించాడు. మాణిక్యం తిరిగొచ్చి కల్బాలో పనికి కుదిరింది. అంత దూరంనుంచి వీలైన శుక్రవారాల్లో వచ్చేది. బావ లాగుతూనే ఉన్నాడు.

ఆయన పోయాక మాణిక్యం వచ్చి మాతో నాలుగు రోజులుంది. ఆ రోజుల్లోనే బ్యాటరీ అయిపోయి గడియారం ఆగింది. "తీసెయ్‌రా మురళీ, చూడలేను," అంది అక్క. నేను స్టూలెక్కి దించాను.

"ఇలా ఇవ్వండి తమ్ముడుగారూ," అని మాణిక్యం అందుకుంది. కొత్త బ్యాటరీ వేసింది. ముళ్ళు పన్నెండుకి చేరేదాకా ఆగి, గడియారం తిప్పి చూడనైనా చూడకుండా వెనక్కి బొటనవేలు పోనిచ్చి మీట నొక్కింది. ముళ్ళు పరిగెత్తాయి.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"ఆ జర్మనీవోళ్ళింట్లో దీన్ని నొక్కింది నేనే కదండీ. ఇక్కడికి గాలిలో టైము రాదని మేడంగారు మొదట్లోనే చెప్పారండి."

"మరి బావకి చెప్పలేదేం?"

"తెచ్చిన రోజే చెప్దారనుకున్నానండీ. బాబుగారు మాటాడనిత్తేనా? తరవాత అంత కట్టపడి లాగుతా ఉంటే ఇంకేం చెప్తానండీ!"

అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "ఓసి నీ దుంపతెగ! మరి ఆ విమానం రోజు? నువ్వూ కదలకుండా కూర్చున్నావు కదే!"

"టైమెంతయిందో నాకూ తెలుసండమ్మగారూ. పెబువా, ఈ బాబుగారికి తొందరగా ఏదో ఒక అబద్ధం తోచేలా చెయ్యి తండ్రీ అని ప్రార్థన చేసుకుంటా కూచున్నానండీ."